అయిదు పనుల వాల్వు, మా అత్త బాప్తిస్మం

కర్నూల్లో ఉగాది దాటినప్పటి నుంచి వానలు పడేదాకా స్నానాల గదిలో ఎర్ర గుర్తు కొళాయి తిప్పితే చల్లనీళ్లు, నీలం గుర్తు కొళాయి తిప్పితే ఉడుకు నీళ్లు వస్తాయి. బయటి ఊరివాళ్లకు ఇది వింత. మాకు మామూలు. మిద్దె మీద నల్ల ట్యాంకు పొద్దంతా ఎండకు కాగుతుంది, ఆ నీళ్లే నేరుగా నీలం కొళాయిలోకి దిగుతాయి. గీజరు స్విచ్చి వేయకుండా వదిలేస్తే దాని కడుపులో ముందురోజు నిండిన నీళ్లు గోడ నీడన చల్లగా ఉంటాయి, అవి ఎర్ర కొళాయిలోంచి వస్తాయి. ఇంటికి వచ్చిన చుట్టాలకు సబ్బు, తువ్వాలు ఇచ్చేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పి లోపలికి పంపిస్తాం. ఎప్పుడైనా చెప్పడం మరిచిపోతే లోపలినుంచి కేక వినిపిస్తుంది. అప్పుడు తలుపు బయట నిలబడి చెప్తాం.

నాకు కల్లూరులో పైపులు, కొళాయిలు అమ్మే అంగడి ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఈ ఎర్ర, నీలం కథ నేనే చెప్పాను. ఒక్కోసారి వాళ్లు అడక్కపోయినా చెప్పాను. కాబట్టి కర్నూలు జిల్లాలో నీలం పైపులో ఉడుకు నీళ్లు ఉంటాయని తెలియనివాడు ఎవడైనా ఉంటే వాడు నేను మాత్రం కాకూడదు. అయినా ఆ వాడు నేనే అయ్యాను, అదీ మా చర్చి సంఘమంతా చూస్తుండగా, ఈస్టరు ముందు వచ్చే మట్టలాదివారం నాడు.

అన్నిటికీ మూలం ఒక వాల్వు. కొన్నేళ్ల క్రితం హైదరాబాదులో ఏదో విదేశీ కంపెనీవాళ్లు అంగళ్లవాళ్లందరినీ పెద్ద హోటలుకు పిలిచి, మంచి బిర్యానీ పెట్టి, దీన్ని చూపించారు. ఇత్తడి ఒళ్లు, గుండ్రటి మీటరు, తిప్పడానికి నల్లటి పిడి. వేడినీళ్లను, చల్లనీళ్లను కావలసిన వెచ్చదనానికి కలుపుతుంది. వేడినీళ్లు వెనక్కి మళ్లకుండా ఆపుతుంది. ఇసుకను, తుప్పును పట్టుకుంటుంది. ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేస్తుంది. బయటికి వచ్చే నీళ్లు మరీ వేడిగా ఉంటే ఒళ్లు కాలకుండా తనంతట తానే మూసుకుంటుంది. అయిదు పనులు, ఒకటే వాల్వు. బిర్యానీ ప్రభావమో ఏమో, నాకు కళ్లు చెమర్చినంత పనైంది. ఇలాంటిది మన దగ్గర ఒకటైనా ఉండాలని కొనుక్కుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను.

తెచ్చాను గానీ అమ్మలేకపోయాను. చలికాలం నాలుగు రోజులు తప్ప నీళ్లు కాచుకోనక్కర్లేని ఊర్లో నీళ్లు కాచే ఏర్పాటుకు కావలి వాల్వు ఎవరు కొంటారు? వచ్చినవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "శానా బాగుండాది అన్నా" అని చెప్పి, అర అంగుళం కొళాయి కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. అద్దాల బీరువాలో అన్నిటికంటే మంచి చోట దాన్ని కూర్చోబెట్టాను. వారానికోసారి పసుపుగుడ్డతో తుడిచేవాణ్ని. మా ఆవిడ బడిపంతులమ్మ, మాట విసరడంలో దిట్ట. ఒకరోజు అంగడికి వచ్చి దాన్ని చూసి, "మంచి చోట కూర్చుంటాడు, నున్నగా మెరుస్తాడు, ఏ పనీ చెయ్యడు. మనకు ఆడపిల్లలు లేకపోయినా దేవుడు అల్లుణ్ని మాత్రం ఇచ్చినాడు" అంది. ఆరోజు నుంచి ఆ వాల్వు పేరు అల్లుడే.

ఈ పేరుతో ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, నన్ను పిలిచే పిలుపు కూడా "అల్లుడా" అనే. ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయాక మాతోనే ఉంటోంది. మా ఆవిడ "అల్లుడికి దుమ్ము పట్టింది" అంటే అది నా గురించో వాల్వు గురించో తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టేది. చాలాసార్లు నా గురించే.

అత్తది పత్తికొండ అవతల వానను నమ్ముకున్న మెట్ట పల్లె. చిన్నప్పుడు టమోటా తోటల్లో కూలికి పోయింది, పెళ్లయ్యాక కర్నూలుకు వచ్చి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. డెబ్బై దాటినా నోటికి తుప్పు పట్టలేదు. ఆసుపత్రిలో డాక్టర్లనే కసురుకున్న మనిషి. చర్చిలో ముందు బెంచీ ఆమెదే. పాటలన్నీ పుస్తకం లేకుండా పాడుతుంది. పిల్లలకు ఆదివారపు బడి చెప్పింది. స్త్రీల సమాజంలో ఆమె మాటకు ఎదురు లేదు. అన్నీ ఉన్నాయి, బాప్తిస్మం ఒక్కటి లేదు.

మా సంఘంలో పసిపిల్లల తల మీద నీళ్లు చల్లే పద్ధతి లేదు. పెరిగి పెద్దయ్యాక, తనంతట తాను ఒప్పుకుని, తొట్టిలో దిగి, తల మునిగేలా మునగాలి. మునిగితే పాతమనిషి చచ్చి కొత్తమనిషి లేస్తాడని మా నమ్మకం. మునిగినవాళ్లకే ప్రభు భోజనం. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం బెంచీ చివరినుంచి చేతులు మారుతూ వస్తుంది. అత్త దాన్ని అందుకుని, తల వంచుకుని, ముట్టకుండా పక్కావిడకు అందించేది. తర్వాత ద్రాక్షరసం చిన్న గ్లాసులు వచ్చినా అంతే. నేను పుట్టినప్పటి నుంచి ఆమె పళ్లెం అందించడమే చూశాను, తీసుకోవడం చూడలేదు. ఎందుకు మునగలేదని ఎవరడిగినా ఒకటే జవాబు: "నీళ్లు సల్లగుంటాయప్పా, నాకు పడవు."

మొన్నటి చలికాలంలో ఆమెకు గట్టి జ్వరం వచ్చింది. మంచం మీదే చాలా రోజులు గడిచాయి. ఆ నెల ప్రభు భోజనానికి చర్చికి పోలేకపోయింది. చర్చి పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లిపోయాక, ఆమె గోడవైపు తిరిగి పడుకుని, నాతో అన్నట్టు కాకుండా అంది: "ఒక్కసారన్నా ఆ రొట్టె తిని పోతే బాగుండు అల్లుడా. మునుగుదామంటే ఆ నీళ్లేమో సల్లగుంటాయి."

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఏదో ఒకటి చేయాలి. ఇంకొకడైతే ఆమె పక్కన కూర్చుని కాసేపు మాట్లాడేవాడు. నేను కొళాయిల అంగడివాణ్ని కదా, నాకు బీరువాలోని అల్లుడు కనిపించాడు.

"నీళ్ల సంగతి నాకు వదిలేయి అత్తా," అన్నాను. "పసిబిడ్డకు పోసేంత వెచ్చగా ఉంటాయి నీళ్లు. పూచీ నాది."

ఆమె నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. "అట్లయితే దిగుతాలే," అంది. ఆ చూపులో సంతోషం కంటే ఇంకేదో ఉంది. అప్పుడు నేను దాన్ని గమనించలేదు, గొట్టాల కొలతలు లెక్కవేసుకుంటున్నాను.

మా చర్చి బాప్తిస్మపు తొట్టి ప్రసంగ వేదిక కిందే ఉంటుంది. మామూలు రోజుల్లో పలకలు కప్పి ఉంటాయి, వాటి మీదే నిలబడి అయ్యగారు వాక్యం చెప్తారు. బాప్తిస్మాలప్పుడు పలకలు తీసేస్తే లోపలికి దిగడానికి మెట్లు కనిపిస్తాయి. చర్చి మిద్దె మీద సోలారు హీటరు పెట్టి, ఒక పక్క దాని వేడినీళ్లు, ఇంకో పక్క నల్ల ట్యాంకు చల్లనీళ్లు, మధ్యలో నా వాల్వు. ఎంత వెచ్చదనం కావాలంటే అంతకు పిడి తిప్పడమే. కమిటీలో ఈ సంగతి చెప్తే ఒక సంఘ పెద్ద లేచి, "యేసుప్రభువు మునిగిన యొర్దాను నదికి ఎవడు గీజరు పెట్టినాడప్పా?" అన్నాడు. "యొర్దాను కాడ మా అత్త లేదు," అన్నాను. అందరూ నవ్వి ఒప్పుకున్నారు. మా అత్తకు ఎదురు చెప్పే ధైర్యం వాళ్లకూ లేదని నాకు తెలుసు.

క్రిస్మస్ ముందు ఆదివారానికి సిద్ధం చేస్తానన్నాను. చేయలేదు. పాత ఇల్లు పడగొట్టిన ఒకాయన, మా అంగడికి వచ్చేవాడే, తన సోలారు హీటరు ఉచితంగా ఇస్తానన్నాడు, దాని గాజు గొట్టాల్లో సగం పగిలి ఉన్నాయి. అవి తెప్పించేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. తర్వాత గొట్టాలకు వేడి పోకుండా చుట్టు వేయాలనిపించింది. తర్వాత మీటరు అందరికీ కనిపించేలా వాల్వును వేదిక పక్కకు మార్చాలనిపించింది. వారం వారం ఒక కొత్త మెరుగు తోచేది. చలికి మొదలుపెట్టిన పని ఎండలకు పూర్తయింది.

అప్పటికి ఊర్లో మనుషులు నీడ చూసుకుని నడుస్తున్నారు. అందరూ అడిగారు: ఈ ఎండల్లో నీళ్లు కాచడం దేనికి? నాకు కూడా కాస్త సందేహం వచ్చి అత్తనే అడిగాను.

"అత్తా, ఇప్పుడు నీళ్లు వాటంతటవే వెచ్చగా ఉంటాయి గదా?"

"ఏమో అల్లుడా," అంది, ఒడిలో చింతపండు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా. "ఆ తొట్లో నీళ్లు ఎప్పటికీ సల్లగనే ఉంటాయి. ఏ కాలమైనా."

ఎండాకాలంలో తొట్టి నీళ్లు చల్లగా ఎందుకుంటాయో నేను ఆలోచించలేదు. నా వాల్వు కావాలని అత్తే చెప్పింది, అంతే చాలనుకున్నాను. ఆ మాట కమిటీలో కూడా చెప్పాను.

మట్టలాదివారం సాయంత్రం బాప్తిస్మాలు. పొద్దున ఆరాధన అయిపోయాక, పిల్లలు ఈతమట్టలు పట్టుకుని ఇళ్లకు పోయాక, పలకలు తీసి తొట్టి నింపే పని పెట్టుకున్నాను. చర్చి బోరు మార్చిలోనే చేతులెత్తేసింది. మున్సిపాలిటీ నీళ్లు తెల్లవారి మిద్దె ట్యాంకు నిండేదాకా వచ్చి ఆగిపోయాయి. ఉన్న నీళ్లు అవే. పిడిని పసిబిడ్డ స్నానమంత వెచ్చదనం దగ్గర పెట్టి, సంఘ పెద్దలు ఇద్దరు చూస్తుండగా కొళాయి తిప్పాను.

నీళ్లు ఒక్కసారి దగ్గినట్టు వచ్చాయి. లోపల ఏదో టక్కుమంది. ఆగిపోయాయి.

గొట్టంలో గాలి చేరిందన్నాను. గాలి వదిలాను. రాలేదు. ఇసుక అడ్డుపడిందన్నాను. జల్లెడ విప్పి చూస్తే అద్దంలా ఉంది. సోలారు బిగించిన మేస్త్రీని ఫోన్లో తిట్టాను. స్పానరుతో వాల్వు నెత్తిమీద రెండు మొట్టికాయలు వేశాను. నీళ్లు రాలేదు గానీ నాకు చెమట ధారలు కట్టింది. పెద్దలు మర్యాదగా నెమ్మదిగా బయటి వరండాలోకి జారుకున్నారు. చివరికి కంపెనీ నంబరుకు చేశాను. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న ఒక అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "సార్, చల్లనీళ్ల లైనులో వచ్చేవి చల్లగానే ఉన్నాయా సార్?" అని అడిగింది.

నాకు కోపం నసాళానికి ఎక్కింది. "చల్లనీళ్ల లైనులో చల్లనీళ్లు కాక ఇంకేముంటాయమ్మా! ముప్పై ఏళ్లుగా ఇదే వ్యాపారం చేస్తున్నవాణ్ని!" అని అరిచి ఫోను పెట్టేశాను. ఖాళీ చర్చిలో నా అరుపు నాకే తిరిగి వినిపించింది.

వెనకనుంచి గిన్నెల చప్పుడు. మా ఆవిడ క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. క్యారియరు బెంచీ మీద పెట్టి, నెమ్మదిగా అంది: "ఈ కాలంలో మనింట్లో నీలం కొళాయి తిప్పితే ఏమొస్తాయో ఆ పిల్లకు చెప్పలేదే మీరు?"

మిద్దె ఎక్కి నల్ల ట్యాంకులో చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాను. ఏ తప్పూ లేదు వాల్వులో. చల్లనీళ్లనే పేరుతో ఉడుకు నీళ్లు పంపితే, ఒళ్లు కాలుతుందని అది మూసుకుంది. చల్లటి దేశంలో పుట్టిన వస్తువు, చల్లనీళ్లు ఉడుకుతాయని దానికి తెలియదు. తెలిసినవాణ్ని నేను. ఊరందరికీ చెప్పినవాణ్ని. ఆ అయిదు పనుల్లో అది ఒక్కటి చేసి చూపించింది, అదీ నాకు అక్కర్లేనిది.

చేసేది లేక వాల్వు ఊడదీసి, దాని చోట మామూలు గొట్టం ముక్క బిగించాను. నీళ్లు ధారగా వచ్చాయి. తొట్టి నిండింది. అయ్యగారు వచ్చారు, వయసులో నాకంటే చిన్నవారు, నెమ్మదస్తులు. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకుని, చెయ్యి విదిలించారు. "ఇందులో ముంచితే పాతమనిషి చచ్చేది ఖాయమే. కొత్తమనిషి లేచేదే అనుమానం," అన్నారు.

పారబోసి మళ్లీ నింపడానికి నీళ్లు లేవు. సాయంత్రానికి చల్లారుతాయనే ఆశా లేదు. నాలుగు నెలలుగా నీళ్లు కాచడానికి పాట్లు పడిన నేను అప్పుడు ఐసు ఫ్యాక్టరీకి బయలుదేరాను.

ఐసు దిమ్మెలు గోనెపట్టల్లో చుట్టి, ఒక షేరు ఆటోలో నింపాం. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి అడిగాడు, "ఏం భాయ్, పెండ్లా? శర్బతు అంగడా?"

"బాప్తిస్మం," అన్నాను.

"ఐసుతోనా?" అన్నాడు. బండి కదిలించి, "పాపాలు శానా ఉండాయేమోలే," అన్నాడు.

మొదటి ఆటో దిమ్మెలు వేస్తే నీళ్లు ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. ఓపిక పట్టి ఉంటే తగ్గేవి. నాకు ఓపిక ఉంటే ఈ కథే ఉండదు. ఇంకో ఆటో తెచ్చి వేశాను. అప్పుడు రెండూ కలిసి పనిచేశాయి. తొట్టిలో నీళ్లు చల్లగా అయిపోయి, ఇంకా చల్లబడుతూ, పైన తెల్లటి గడ్డలు తేలుతున్నాయి. దిమ్మెలకు అంటుకున్న రంపపుపొట్టు కూడా తేలింది. స్త్రీల సమాజం వాళ్లు చీరకొంగులు బిగించి, టీ వడగట్టే జల్లెడలతో దాన్ని ఏరుతున్నారు. అందరూ నావైపు చూడకుండా నవ్వుతున్నారు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. చల్లనీళ్లకు భయపడి జీవితమంతా పళ్లెం పక్కకు అందించిన మనిషికి నేను ఐసుగడ్డల తొట్టి సిద్ధం చేశాను.

సాయంత్రం సంఘమంతా వచ్చింది. తెల్లబట్టల్లో బాప్తిస్మం తీసుకునే యువతీ యువకులు, వాళ్ల చివర అత్త, తెల్లటి చీరలో. ఐసు కరగనీ అని నేనే అయ్యగారిని బతిమాలి ఆమెను చివరికి పెట్టించాను. యువకులు నీళ్లలోకి దిగగానే ఊపిరి బిగబట్టేవాళ్లు, మునిగి లేవగానే పళ్లు టకటకలాడించేవాళ్లు. ఆ వయసులో అదీ ఒక సంబరమే. నేను తొట్టి పక్కన నిలబడి ఐసుగడ్డలు కరుగుతున్నాయా లేదా అని చూస్తున్నాను. పాట ఏం పాడారో నాకు గుర్తు లేదు.

అత్త వంతు వచ్చేసరికి ఒకే ఒక గడ్డ మిగిలింది, సరిగ్గా మెట్ల దగ్గరే తేలుతూ. ఆమె కమ్మీ పట్టుకుని నీళ్లకు పైన ఉన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. అయ్యగారు నీళ్లలోంచి చెయ్యి చాచారు. ఆమె అందుకోలేదు. పాట అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. ఆమె కమ్మీ వదలకుండా తల తిప్పి నాకోసం వెతికింది.

"సల్లగుండాయి అల్లుడా," అంది.

"అది కరిగిపోతాది అత్తా. నీళ్లు మరీ అంత సల్లగేం లేవు. కింద పక్క ఇంకా వెచ్చగనే ఉండాయి, వేడి నీళ్లు..." అంటూ నేను వేడినీళ్లు, చల్లనీళ్లు కలిసే విధానం వివరించడం మొదలుపెట్టాను. ఆ చోట, ఆ సమయంలో.

"శానా సల్లగుండాయి," అంది, ఇంకా చిన్న గొంతుతో.

అప్పుడు చూశాను ఆమె కాళ్లను. రెండూ నీళ్లకు పైన మెట్టు మీదే ఉన్నాయి. ఆమె ఇంకా నీళ్లను తాకనే లేదు. ఐసుగడ్డవైపు చూడటం లేదు. తొట్టి అడుగువైపు చూస్తోంది.

"అత్తా, నువ్వింకా నీళ్లు తాకనే లేదు," అన్నాను.

డాక్టర్లను కసురుకున్న మనిషి, నాకు మాత్రమే వినిపించేలా అంది: "అడుగు కనపళ్లేదప్పా. మా ఊర్లో నీళ్లంటే బిందెలో ఉంటాయి, బానలో ఉంటాయి. మనిషి మునిగే నీళ్లు నేను యాడా సూళ్లేదు. ఈ వయసులో బయమంటే నవ్వుతారు గదా."

సల్లగుంటాయని ఆమె అన్న ప్రతిసారీ నాకు ఆ మాటలో గొట్టాలే వినిపించాయి. నీళ్లు లేని సీమలో పుట్టిన మనిషికి నీళ్లంటే భయం ఉంటుందని నాకు ఒక్కసారీ తోచలేదు. చలి అంటే అందరూ జాలిపడతారు, భయం అంటే నవ్వుతారు. అందుకని ఆమె చలి అనే మాటను ఇన్నేళ్లు అడ్డం పెట్టుకుంది. నేను ఆ అడ్డానికి ఇత్తడి వాల్వు బిగించాను.

నాకేమీ ఆలోచన రాలేదు. చెప్పులు విడిచి, ప్యాంటుతో, చొక్కాతో, జేబులో ఫోనుతో సహా తొట్టిలోకి దిగాను. నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి. పక్కటెముకల దాకా వచ్చాయి. "ఇదో అత్తా, ఇంతే లోతు. నా కాళ్లు అడుగు మీదే ఉండాయి. రా," అని చెయ్యి చాచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నలిగేలా. ఒక్కో మెట్టు దిగింది. అయ్యగారు బాప్తిస్మపు మాటలు పలికి, ఆమె వీపు కింద చెయ్యి వేశారు. ఆ సమయంలో పక్కవాళ్లు చెయ్యి వదలాలి. ఆమె వదల్లేదు. ఆమె మునిగింది, ఆమెతో పాటు నేనూ మునిగాను.

లేచేసరికి యొర్దానుకు గీజరు పెట్టినదెవడని అడిగిన ఆ సంఘ పెద్ద గొంతు వినిపించింది: "వీడికి ఇది రెండోసారి. లెక్కలోకి రాదప్పా!" అందరూ కడుపుబ్బ నవ్వారు. అత్త కూడా నవ్వింది, ముఖం మీద నీళ్లు తుడుచుకుంటూ, నా చెయ్యి ఇంకా పట్టుకునే. నా ఫోను ఆరోజుతో సరి.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఆమెను అడగకుండా ఉండలేకపోయాను. వృత్తి బుద్ధి అంత తొందరగా పోదు.

"నీళ్లు ఎట్లుండాయి అత్తా? మరీ సల్లగుండాయా?"

"యాడ సూసినానప్పా," అంది. "నీ చెయ్యి యాడ జారిపోతాదో అని సూసుకుంటా ఉండినా."

మా ఆవిడ ఎదురుగా కూర్చుని, సంచిలో ఉన్న వాల్వును ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "ఇద్దరు అల్లుళ్లలో ఒకడన్నా పనికొచ్చినాడు," అంది. ఎవరో చెప్పలేదు. చెప్పకపోయినా నాకు అర్థమైంది, ఈసారి తొందరగానే.

ఈస్టరు ఆదివారం ప్రభు భోజనం. మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో సన్నటి దారి. అత్త ముందు బెంచీలో దారి పక్కనే, నేను దారికి ఇవతల. రొట్టె పళ్లెం వచ్చింది. ఆమె అందుకుని, తల వంచుకుని, అలవాటుగా పక్కావిడకు అందించేసింది. పక్కావిడ తీసుకోలేదు. పళ్లెం మెల్లగా ఆమె ఒళ్లోకే తిరిగి వచ్చింది. అత్త దానివైపు కాసేపు చూసి, ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆమె నములుతున్నంతసేపూ నేను నా కాళ్లవైపు చూసుకున్నాను.

తర్వాత ద్రాక్షరసం వచ్చింది. ఆమె చిన్న గ్లాసు అందుకుని దాని అడుగువైపు చూసింది. రసం అంచుదాకా వచ్చి ఊగుతోంది. ఆమె దారికి ఇవతల ఉన్న నావైపు తిరిగింది.

"సల్లగుండాది అల్లుడా," అంది.

ద్రాక్షరసం ఆ ఎండకు గోరువెచ్చగా ఉందని నాకు తెలుసు. నేను కూడా అదే పట్టుకుని ఉన్నాను. లేచి దారి దాటి, ఆడవాళ్ల బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. పక్కావిడ జరిగి చోటిచ్చింది. అత్త తాగింది.